సఫైరిన్: మన మన్యపు కొండల అరుదైన ఖనిజం - ధర్మాలు, వర్గీకరణ

"తెల్లనివన్నీ పాలు కావు, నల్లనివన్నీ నీళ్ళు కావు" అన్నది మన సామెత. ఒక వస్తువును గుర్తించవలసి వచ్చినపుడు రంగు మొదటి సాక్షి మాత్రమే గాని తుదితీర్పు చెప్పే న్యాయమూర్తి కాదని ఈ సామెత మనకు బోధిస్తున్నది. ఇందుకు నిలువెత్తు నిదర్శనం వంటి ఒక ఖనిజం విశాఖపట్నానికి ఎగువనున్న పాడేరు, అనంతగిరి ప్రాంతాల కొండలలోనే ఉన్నది. దాని పేరు సఫైరిన్. పేరునుబట్టి అది నీలమణికి తోబుట్టువని ఎవరైనా అనుకొంటారు. కాని అది నీలమణి జాతికి చెందినది కాదు. దాని నిజమైన బంధువులెవరో శాస్త్రజ్ఞులు తేల్చి చెప్పడానికి 1819 మొదలు 2008 వరకు, అనగా దాదాపు రెండు శతాబ్దాల కాలం పట్టినది.

ఈ వ్యాసకర్త వృత్తిరీత్యా తెలుగు బోధించేవాడు. పదానికీ పదార్థానికీ గల సంబంధమే భాషను బోధించేవారి నిత్య విచారణ. ఒక పేరు ఎట్లు పుట్టినది, అది వస్తువు స్వభావాన్ని ఎంతవరకు తెలుపుతున్నది, ఎక్కడ దారి తప్పిస్తున్నది అన్న ప్రశ్నలు నిఘంటువుకు ఎంత ముఖ్యమో ఖనిజశాస్త్రానికీ అంతే ముఖ్యం. కనుక సఫైరిన్ ధర్మాలను, దాని వర్గీకరణ చరిత్రను విజ్ఞానశాస్త్ర విద్యార్థులకే గాక సాహిత్య విద్యార్థులకు కూడ అందుబాటులో ఉండునట్లు వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఖనిజము - శిల

ముందుగా రెండు మాటల భేదం తెలియాలి. ప్రకృతిలో సహజంగా ఏర్పడి, నిర్ణీతమైన రసాయన సంఘటనమూ, క్రమబద్ధమైన పరమాణువుల అమరికా కలిగిన ఘనపదార్థాన్ని ఖనిజం అంటారు. అట్టి ఖనిజాల కలయిక శిల. బిర్యానీలో అన్నపు మెతుకు, లవంగం, యాలకకాయ వేరువేరుగా కనిపించినట్లే శిలలో ఖనిజాల గింజలు వేరువేరుగా ఉంటాయి. పలుగురాయి ఒక ఖనిజం, గార్నెట్ ఒక ఖనిజం. సింహాచలం, కైలాసగిరి కొండలలో కనిపించే ఖోండలైట్ శిల. అందులో పలుగురాయి, గార్నెట్, సిల్లిమనైట్, కొంత గ్రాఫైట్ కలిసి ఉంటాయి. తూర్పు కనుమలలో నివసించే ఖోండు గిరిజనుల పేరిట ఈ శిలకు 1902 లో టి. ఎల్. వాకర్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ పేరు పెట్టినాడు. ఒరిస్సాలోని కోణార్క సూర్యదేవాలయంలో విరివిగా వాడిన రాయి కూడ ఇదే. మనం చెప్పుకొనబోయే సఫైరిన్, ఈ ఖోండలైట్ కొండల వరుసలో అక్కడక్కడ చిన్న చిన్న పట్టీలుగా కనిపించే ఒక ప్రత్యేకమైన శిలలో గింజలుగా దాగి ఉన్న ఖనిజం.

పేరు పుట్టుక

సఫైరిన్ మొట్టమొదట లోకానికి తెలిసినది మన దేశంలో కాదు, గ్రీన్‌లాండులో. కార్ల్ లుడ్విగ్ గీసెకె అనే జర్మన్ పండితుడు 1806 నుండి 1813 వరకు ఆ మంచుదేశంలో తిరిగి ఖనిజాలు సేకరించినాడు. ఆయన జీవితం కళావిభాగపు విద్యార్థులకు ఆసక్తి కలిగించునట్టిది. ఆయన మొదట రంగస్థల నటుడు. మొజార్ట్ సంగీతం సమకూర్చిన 'మాయా వేణువు' అనే సంగీతరూపకాన్ని 1791 లో వియన్నాలో తొలిసారి ప్రదర్శించిన బృందంలో ఆయన ఒకడు. తరువాత ఖనిజశాస్త్రం వైపు మళ్ళి, డబ్లిన్ నగరంలో ఆ శాస్త్రానికి ఆచార్యుడైనాడు. ఆయన గ్రీన్‌లాండు నైరుతి తీరంలోని ఫిస్కెనెసెట్ వద్ద సేకరించిన నీలిరంగు ఖనిజాన్ని ఫ్రీడ్రిక్ ష్ట్రోమయర్ అనే రసాయనవేత్త పరిశీలించి 1819 లో సఫైరిన్ అని నామకరణం చేసినాడు. కాడ్మియం మూలకాన్ని 1817 లో కనుగొన్నది కూడ ఈ ష్ట్రోమయరే.

సఫైర్ అనగా నీలమణి. సఫైరిన్ అనగా నీలమణివంటిది. రంగును చూచి పెట్టిన పేరు ఇది. అయితే సఫైర్ అనే మాట చరిత్ర కూడ ఇట్టిదే. ప్రాచీన గ్రీకులు ఆ పదానికి మూలమైన తమ పదాన్ని ఏ రాతికి వాడినారని విచారిస్తే, అది నేటి నీలమణి కాదు, బంగారు చుక్కలు గల లాజవర్దు రాయి అని పండితులు నిర్ణయించినారు. ఒక నీలిరాతి పేరు మరొక నీలిరాతికి, దాని పేరు మూడవ నీలిరాతికి సంక్రమించినది. మూడింటికీ రంగులో తప్ప మరి దేనిలోను పోలిక లేదు.

అందువలన సఫైరిన్‌కు తెలుగులో 'నీలాభం' వంటి కొత్త పదం కల్పించడం ఉచితం కాదని నా అభిప్రాయం. అట్లు చేసినచో పాత పొరపాటునే కొత్త భాషలోకి దించుకొన్నవారమవుతాము. పేరును ఉన్నదున్నట్లు స్వీకరించి, అర్థాన్ని తెలుగులో వివరించడమే మేలు. పాశ్చాత్యులు కూడ ఈ పద్ధతినే పాటించిన సందర్భం ఉన్నది. నీలమణి, కెంపు అనే రెండు రత్నాలూ కొరండం అనే ఒకే ఖనిజానికి చెందినవి. ఆ కొరండం అనే మాట మన కురువిందం నుండి వెళ్ళినదే.

రసాయన సంఘటనము

నీలమణి అల్యూమినియం ఆక్సైడు. అందులో సూక్ష్మమాత్రంగా ఇనుము, టైటానియం చేరి నీలిరంగునిస్తాయి. సఫైరిన్‌లోనైతే మూడు ఆక్సైడులు ప్రధానం: మెగ్నీషియా, అల్యూమినా, సిలికా. వీటి పాళ్ళు అన్ని నమూనాలలో ఒకే తీరుగా ఉండవు. అణువుల లెక్కన ఒక కొసన 2 మెగ్నీషియా, 2 అల్యూమినా, 1 సిలికా. మరొక కొసవైపు 7 మెగ్నీషియా, 9 అల్యూమినా, 3 సిలికా. సహజ సఫైరిన్లు ఎక్కువగా ఈ రెండింటి మధ్యనో, వీటి సమీపంలోనో ఉంటాయి. దీనిని తూకంలోకి మార్చి చూస్తే సిలికా సుమారు 13 నుండి 17 శాతం మాత్రమే, అల్యూమినా 59 నుండి 67 శాతం వరకు, తక్కినది మెగ్నీషియా. మెగ్నీషియం స్థానంలో ఇనుము కొంత చేరడం సర్వసాధారణం.

సిలికా ఇంత తక్కువగా ఉండటం ఈ ఖనిజపు ముఖ్య లక్షణం. ఈ అంశాన్ని విద్యార్థులు జ్ఞాపకముంచుకోవాలి. మన కొండల సఫైరిన్‌కు అంతర్జాతీయ ప్రసిద్ధి రావడానికి మూలకారణం ఇందులోనే ఉన్నది.

భౌతిక ధర్మాలు

సఫైరిన్ లేత నీలం, ముదురు నీలం, బూడిదనీలం, ఆకుపచ్చ ఛాయలలో కనిపిస్తుంది. ద్యుతి గాజువంటిది. గీటు తెలుపు. స్పష్టమైన విదళనం లేదు. అనగా దెబ్బ తగిలినపుడు అభ్రకంవలె పొరలుగా విడిపోక ఎగుడుదిగుడుగా పగులుతుంది. స్ఫటిక వ్యవస్థ సాధారణంగా ఏకనతం. త్రినత రూపం కూడ ఉన్నది.

కాఠిన్యం 7.5. ఫ్రీడ్రిక్ మోస్ 1812 లో ప్రవేశపెట్టిన పది మెట్ల కొలమానంలో పలుగురాయి 7, పుష్యరాగం 8, కురువిందం 9, వజ్రం 10. కావున సఫైరిన్ పలుగురాతిని గీయగలదు. పుష్యరాగం సఫైరిన్‌ను గీయగలదు. నీలమణి ఈ రెండింటినీ గీస్తుంది. గీతల పరీక్ష ఒక్కటి చాలు, సఫైరిన్ నీలమణి కాదని తెలియడానికి.

విశిష్ట గురుత్వం 3.4 నుండి 3.58 వరకు. నీలమణి విశిష్ట గురుత్వం 4. ఈ భేదాన్ని కళాశాల ప్రయోగశాలలోని సున్నితపు త్రాసుతోనే పట్టుకోవచ్చు. రాతిని గాలిలో ఒకసారి, సన్నని దారంతో నీటిలో వేలాడదీసి మరొకసారి తూచాలి. గాలిలోని తూకాన్ని, నీటిలో తగ్గిన తూకంతో భాగిస్తే విశిష్ట గురుత్వం వస్తుంది. ఒకే పరిమాణం గల నాలుగు నీలిరాళ్ళను తీసుకొన్నామనుకొందాం. నీటిలో నాలుగూ 2 గ్రాముల చొప్పున తూకం కోల్పోతాయి. కాని గాలిలో తూచినపుడు నీలమణి 8 గ్రాములు, సఫైరిన్ సుమారు 6.9 గ్రాములు, కార్డియరైట్ అనే మరొక నీలి ఖనిజం సుమారు 5.2 గ్రాములు, మామూలు నీలిగాజు సుమారు 5 గ్రాములు తూగుతాయి. కంటికి ఒకే తీరుగా కనిపించే నాలుగింటిని త్రాసు నాలుగు తీరులుగా విడదీసినది. ఈ పరీక్ష ఒకే ఖనిజపు ముక్కకు మాత్రమే చెల్లుతుంది. పలు ఖనిజాలు కలిసిన రాతిముక్కకు చెల్లదు.

త్రాసు కూడ అన్నివేళలా సరిపోదు. నీలిరంగు స్పినెల్, కయనైట్ అనే ఖనిజాల విశిష్ట గురుత్వం 3.6 ప్రాంతంలో ఉంటుంది. అది సఫైరిన్‌కు చాల దగ్గర. అప్పుడు ఇతర ధర్మాలను ఆశ్రయించాలి. కయనైట్ కాఠిన్యం దిక్కునుబట్టి మారుతుంది. పొడవు వెంబడి గీస్తే మెత్తగాను, అడ్డంగా గీస్తే గట్టిగాను ఉంటుంది. స్పినెల్ కాఠిన్యం 8. దానిని సూక్ష్మదర్శినిలో అడ్డుగా పెట్టిన రెండు ధ్రువణ పలకల మధ్య చూస్తే ఎటు త్రిప్పినా చీకటిగానే ఉంటుంది. సఫైరిన్ అట్లు కాదు. శిలను 0.03 మిల్లీమీటరు మందానికి అరగదీసిన పలుచని పొరలో ధ్రువిత కాంతితో చూస్తూ త్రిప్పినచో, సఫైరిన్ గింజ ఒక దిక్కున రంగు లేనట్లు, మరొక దిక్కున నీలంగా కనిపిస్తుంది. ఈ గుణాన్ని బహువర్ణత అంటారు. దాని వక్రీభవన గుణకం 1.70 నుండి 1.73 ప్రాంతంలో ఉంటుంది. కొరండం ఏకాక్షీయ ఖనిజం, సఫైరిన్ ద్వ్యక్షీయ ఖనిజం. ఈ విధంగా ఒక్కొక్క పరీక్ష ఒక్కొక్క అనుమానితుని తొలగించుకొంటూ పోగా చివరికి మిగిలినదే సత్యం.

తూకముతో రత్నపరీక్ష: అల్ బీరూనీ మార్గం

రంగును నమ్మక తూకాన్ని నమ్మాలన్న ఈ పద్ధతి నేటిది కాదు. క్రీ. శ. 973 లో ఖ్వారిజంలో జన్మించిన అబూ రైహాన్ అల్ బీరూనీ రత్నాల, లోహాల విశిష్ట గురుత్వాలను కొలవడానికి ప్రత్యేకమైన నీటిపాత్రను తయారు చేసుకొన్నాడు. పాత్రలో రాయి పడినపుడు బయటికి పొర్లిన నీటిని తూచి లెక్క కట్టినాడు. రత్నాల తూకాలను పోల్చడానికి నీల యాఖూత్‌ను, అనగా నీలమణిని, 100 గా ప్రమాణం పెట్టుకొన్నాడు. ఆ లెక్కలో బదఖ్షాన్ లాల్ సుమారు 90 వచ్చినది. ఎర్రగా ఉన్నంత మాత్రాన లాల్, యాఖూత్ ఒకటి కావని దీనివలన తేలినది. నేటి పరిభాషలో లాల్ అంటే స్పినెల్, ఎర్ర యాఖూత్ అంటే కెంపు. స్పినెల్ విశిష్ట గురుత్వం 3.6, కొరండం 4. నిష్పత్తి సరిగ్గా 90 కి 100. పాశ్చాత్య రాజకిరీటాలలో కెంపులుగా చెలామణి అయిన కొన్ని ప్రసిద్ధ రత్నాలు స్పినెళ్ళేనని యూరపులో తేలినది చాల శతాబ్దాల తరువాతనే. ఇంగ్లండు కిరీటంలోని 'నల్ల యువరాజు కెంపు' అట్టిదే.

రత్నాలను గురించి బీరూనీ వ్రాసిన 'కితాబుల్ జమాహిర్' అనే అరబీ గ్రంథాన్ని ఎఫ్. క్రెంకోవ్ పరిష్కరించగా 1936 లో ముద్రించినది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫ్ సంస్థ. విజ్ఞానశాస్త్ర చరిత్రకు సంబంధించిన ఇంత ముఖ్యమైన గ్రంథం తెలుగుగడ్డపై అచ్చయినదన్న సంగతి ఉర్దూ, తెలుగు విద్యార్థులిద్దరూ తెలుసుకోదగినది.

వర్గీకరణ

ఖనిజాల వర్గీకరణ మూడు దశలుగా సాగినదని స్థూలంగా చెప్పవచ్చు.

మొదటిది రూపాన్నిబట్టి చేసిన వర్గీకరణ. రంగు, మెరుపు, కాఠిన్యం దీనికి ఆధారాలు. ఈ పద్ధతిలో సఫైరిన్ నీలమణి పక్కన చేరుతుంది.

రెండవది రసాయన సంఘటనాన్నిబట్టి చేసిన వర్గీకరణ. అమెరికా ఖనిజశాస్త్రజ్ఞుడు జేమ్స్ డ్వైట్ డేనా 1837 లో ప్రకటించిన గ్రంథపు తరువాతి ముద్రణలలో ఈ పద్ధతి స్థిరపడినది. మూలకాలు, సల్ఫైడులు, ఆక్సైడులు, కార్బొనేటులు, ఫాస్ఫేటులు, సిలికేటులు ఇత్యాదిగా ఖనిజాలు విభజింపబడినవి. ఈ పద్ధతిలో నీలమణి ఆక్సైడుల గదిలోను, సఫైరిన్ సిలికేటుల గదిలోను పడినవి. అన్నదమ్ములనుకొన్నవారు వేరు వేరు వంశాలవారైనారు.

మూడవది పరమాణువుల అమరికనుబట్టి చేసే వర్గీకరణ. ఎక్స్ కిరణాల సాయంతో స్ఫటికాల లోపలి నిర్మాణాన్ని చూడగలిగిన తరువాత ఇది సాధ్యమైనది. సిలికేటులన్నింటికీ మూలమైన ఇటుక ఒకటే: నడుమ ఒక సిలికాన్, చుట్టూ నాలుగు ఆక్సిజన్ పరమాణువులు గల చతుర్ముఖి. ఈ చతుర్ముఖులు విడివిడిగా ఉంటే ఒక వర్గం, గొలుసుగా చేరితే ఒక వర్గం, పలకలుగా పరచుకొంటే అభ్రకం వంటి మరొక వర్గం, నలుదిక్కులా అల్లుకొంటే పలుగురాయి వంటి ఇంకొక వర్గం. సఫైరిన్ నిర్మాణాన్ని పాల్ బి. మూర్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1968 లో ఛేదించినాడు. అందులో చతుర్ముఖులు గొలుసుగా చేరి ఉంటాయి. అయితే మామూలు గొలుసు కాదు. మామిడాకుల తోరణంలో తాడుకు అటూ ఇటూ ఆకులు వ్రేలాడినట్లు, ఈ గొలుసుకు రెండు ప్రక్కలా అదనపు చతుర్ముఖులు అతుక్కొని ఉంటాయి. సిలికా చాలనందున చాల చతుర్ముఖులలో సిలికాన్ స్థానంలో అల్యూమినియం కూర్చుంటుంది.

ఈ తోరణపు నిర్మాణమే దాని నిజమైన కులాసారం. ఇదే నిర్మాణం మరి ఏ ఖనిజాలకు ఉన్నదని వెదకినపుడు ఎనిగ్మటైట్ బయటపడినది. ఎనిగ్మటైట్ నల్లని ఖనిజం. అందులో సోడియం, ఇనుము, టైటానియం ఉంటాయి. మెగ్నీషియం, అల్యూమినియం ప్రధానమైన సఫైరిన్‌తో రంగులో గాని, మూలకాలలో గాని దానికి పోలిక లేదు. కాని రెండింటిలోను ప్రతి ఇరవై ఆక్సిజన్లకు పదునాలుగు లోహ, సిలికాన్ స్థానాలు ఒకే పద్ధతిలో అమరి ఉంటాయి. దక్షిణ అమెరికాలోని సురినాం దేశం పేరిట 1976 లో వర్ణింపబడిన సురినమైట్ అనే బెరీలియం ఖనిజం కూడ ఈ బంధువర్గానికి చెందినదే. అంతర్జాతీయ ఖనిజశాస్త్ర సంఘం ఆమోదంతో 2008 లో వెలువడిన నామకరణ పద్ధతి వీటన్నింటినీ 'సఫైరిన్ మహావర్గం'గా ప్రకటించి, దానిని సఫైరిన్ వర్గము, సురినమైట్ వర్గము అని రెండుగా విభజించినది. నీలమణి నీడగా పేరు పొందిన ఖనిజం చివరికి తన పేరిటనే ఒక మహావర్గానికి పెద్దదిక్కయినది.

మన కొండలలో సఫైరిన్

మద్రాసు రాజధానిలో భాగంగా ఉన్న నాటి విశాఖపట్నం జిల్లాలో సఫైరిన్ గల శిల ఉన్నదని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థకు చెందిన సి. ఎస్. మిడిల్‌మిస్ 1904 లో ప్రకటించినాడు. జిల్లా కొండప్రాంతపు శిలలను టి. ఎల్. వాకర్, డబ్ల్యు. హెచ్. కాలిన్స్ పరిశీలించి 1907 లో ఆ సంస్థ పత్రికలోనే వివరమైన వ్యాసం ప్రచురించినారు. ఖోండలైట్‌కు పేరు పెట్టిన వాకరే ఈయన. అప్పటికి కెనడాలోని టొరంటోలో ఆచార్యుడు. ఆ పిమ్మట మన కొండల పేరు ఖనిజశాస్త్ర గ్రంథాలలో గ్రీన్‌లాండు పక్కన చేరినది.

అసలైన ప్రాముఖ్యం ఆ తరువాత వచ్చినది. సఫైరిన్ సిలికా తక్కువ ఖనిజమని చెప్పుకొన్నాము. పలుగురాయి కేవలం సిలికా. సాధారణ పరిస్థితులలో ఈ రెండూ ఒకచోట ఇమడవు. పక్కపక్కన ఉంటే ఒకదానితో ఒకటి చర్య జరిపి వేరే ఖనిజాలుగా మారిపోతాయి. అవి రెండూ కలిసి నిలువగలగడానికి విపరీతమైన వేడి కావాలి. 1968 లో డబ్ల్యు. బి. డాల్విట్జ్ అంటార్కిటికాలోని ఎండర్బీ లాండు శిలలో సఫైరిన్, పలుగురాయి ఒకదానినొకటి తాకుతూ ఉండటాన్ని ప్రకటించినపుడు భూగర్భ శాస్త్రజ్ఞులు ఆశ్చర్యపడినారు. ప్రయోగశాలలో పరీక్షించి చూడగా ఈ సహవాసానికి సుమారు 900 డిగ్రీల సెంటీగ్రేడును మించిన ఉష్ణోగ్రత అవసరమని తేలినది.

అట్టి అపూర్వ సహవాసమే మన కొండలలోను ఉన్నది. పాడేరు శిలలలోని సఫైరిన్, స్పినెల్, పలుగురాళ్ళ సహవాసాన్ని ఆర్. కె. లాల్, ఆయన సహచరులు 1987 లో వివరించినారు. అనంతగిరి సఫైరిన్ శిలలపై సేన్‌గుప్తా ప్రభృతులు 1990 లో పరిశోధన ప్రకటించినారు. భూగర్భంలో సుమారు 25 నుండి 35 కిలోమీటర్ల లోతున, 900 డిగ్రీలకు పైబడిన వేడిలో ఈ శిలలు ఉడికినవి. ఈ మహాతాపం 100 కోట్ల సంవత్సరాలకు కొంచెం అటూ ఇటూ జరిగినదని ఇప్పటి అంచనా. నాడు మన తూర్పు కనుమలు, అంటార్కిటికాలోని కొంత భూభాగం ఒకే పర్వతశ్రేణిలో కలిసి ఉండేవి. సుమారు 13 కోట్ల సంవత్సరాల క్రితం రెండు ఖండాలు విడిపోయి నడుమ సముద్రం ఏర్పడినది. నేడు మన రేవులో అలలు విరుచుకొనే బంగాళాఖాతం ఆ వియోగానికి గుర్తు.

పాడేరు శిలను పలుచని పొరగా చేసి సూక్ష్మదర్శినిలో చూస్తే మరొక విశేషం కనిపిస్తుంది. సఫైరిన్ గింజ చుట్టూ ఉంగరంవలె పైరాక్సీను, సిల్లిమనైటుల పొర ఒకటి ఏర్పడి, దానిని పలుగురాతి నుండి వేరు చేస్తున్నది. వేడి తగ్గుతున్నకొద్దీ రెండు ఖనిజాలకూ పొత్తు కుదరక చర్య మొదలైనది. కాని చర్య పూర్తి కాకముందే శిల చల్లారిపోయినది. సగంలో ఆగిన ఆ ఉంగరమే, నాడు ఏమి జరిగినదో చెప్పే వ్రాతపత్రం. చరిత్రకారుడు శాసనాన్ని చదివినట్లు శిలాశాస్త్రజ్ఞుడు దీనిని చదువుతాడు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. సఫైరిన్ కనిపించినంత మాత్రాన ఆ శిల 900 డిగ్రీలు దాటినదని చెప్పరాదు. తొలిసారి దొరికిన గ్రీన్‌లాండు సఫైరిన్ పలుగురాతితో కలిసినది కాదు. సఫైరిన్, పలుగురాయి రెండూ ఒకదానినొకటి తాకుతూ ఉండాలి. అట్లున్నపుడు కూడ సఫైరిన్‌లో ఆక్సీకరణం చెందిన ఇనుము ఎక్కువగా ఉంటే ఇంకా తక్కువ వేడిలోనే ఈ సహవాసం నిలువగలదు. కనుక ఎలక్ట్రాన్ సూక్ష్మశోధకంతో గింజ గింజనూ విశ్లేషించిన తరువాతనే ఉష్ణోగ్రతను నిర్ణయిస్తారు. రంగు చాలదు, పేరు చాలదు, ఒక్కొక్కసారి ఒక్క ధర్మం కూడ చాలదు.

ఉక్కునగర విద్యార్థికి దీని ఉపయోగం

సఫైరిన్‌ను తవ్వి అమ్మే గనులు మన ప్రాంతంలో లేవు. కొత్తవలస - కిరండూల్ రైలుమార్గం అనంతగిరి కొండల మీదుగా బైలడిల్లా ఇనుపరాతిని మన రేవుకు చేరవేస్తున్నది. ఆ రాతికి ఉన్న విపణి విలువ సఫైరిన్‌కు లేదు. అయినను మెగ్నీషియా, అల్యూమినా, సిలికా అనే ఈ మూడు ఆక్సైడుల సంబంధమే కొలిమిలో పరచే అగ్నినిరోధక ఇటుకల శాస్త్రానికి పునాది. ఆ మూడింటి త్రిభుజ పటంలో సఫైరిన్‌కు ఒక చోటు ఉన్నది. సుమారు 1475 డిగ్రీల వరకు అది నిలువగలదు. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం ఆశించే విద్యార్థికి ఈ పటం చదవడం వచ్చి ఉండటం లాభదాయకం.

అంతకంటె ముఖ్యమైన ప్రయోజనం మరొకటి ఉన్నది. నర్సీపట్నం పైనున్న కొండలలో రంగురాళ్ళ కొరకు దొంగచాటు తవ్వకాలు సాగిన సంగతి మన జిల్లాలవారికి తెలిసినదే. అట్టి గోతులలోకి దిగేది కూలివాడు. గోడ కూలితే పోయేది అతని ప్రాణం. రాయి దొరికినపుడు దాని విలువ కట్టేది మాత్రం దళారి. ఇది నీలమా, కార్డియరైటా, స్పినెలా, గాజుముక్కా అన్నది దళారికి తెలుసు, తవ్వినవానికి తెలియదు. తెలియనివాడు రెండు విధాల నష్టపోతాడు: విలువలేని రాతికోసం ప్రాణం పణంగా పెట్టడం ఒకటి, విలువైన రాతిని కారుచౌకగా ఇచ్చివేయడం రెండవది. ఒక గిన్నెడు నీరు, ఒక త్రాసు, ఒక పలుగురాతి ముక్క - ఈ మూడింటితో ఈ అజ్ఞానంలో సగం తొలగించవచ్చు. మన కళాశాలలో చదువుకొనేవారిలో పలువురు చిన్న వ్యాపారుల, చేతిపనివారి కుటుంబాల నుండి వచ్చినవారు. రత్నపు దుకాణంలో కూర్చున్నా, కొండ ఊరిలో బడిపంతులైనా ఈ పరీక్షలు చేసి చూపగల విద్యార్థి ఒక్కడున్నచో కొందరైనా మోసపోకుండ ఉంటారు.

పాడేరు, అనంతగిరి మండలాలు 2022 ఏప్రిల్ 4 నుండి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నవి. ఇవి షెడ్యూల్డు ప్రాంతాలు. అనంతగిరి, బొర్రా ప్రాంతపు గనుల కౌళ్ళకు సంబంధించి సమత అనే సంస్థ వేసిన వ్యాజ్యంలోనే సుప్రీంకోర్టు 1997 లో, షెడ్యూల్డు ప్రాంతాలలోని ప్రభుత్వ భూములను గిరిజనేతరులకు గనుల కొరకు కౌలుకివ్వరాదని చరిత్రాత్మకమైన తీర్పు చెప్పినది. విహారయాత్రకో, అధ్యయనయాత్రకో అక్కడికి వెళ్ళే విద్యార్థులు ఆ కొండలు గిరిజనుల నివాసభూమి అన్న సంగతి మరువరాదు. రోడ్డు కోతలలో శిలను చూడండి, చిత్రం గీసుకోండి, గింజలను భూతద్దంతో పరిశీలించండి. సుత్తి ఎత్తే ముందు ఆ ఊరివారి అనుమతి అడగండి.

మన కళాశాల ప్రయోగశాలలో ఇప్పటికే త్రాసు ఉన్నది, సూక్ష్మదర్శిని ఉన్నది. ఖోండలైట్, పలుగురాయి, గార్నెట్, సిల్లిమనైట్, కార్డియరైట్, స్పినెల్, వీలైతే ఒక సఫైరిన్ నమూనా సేకరించి, ఒక్కొక్కదాని కాఠిన్యం, విశిష్ట గురుత్వం విద్యార్థులే కొలిచి తెలుగులోను, ఉర్దూలోను చీటీలు వ్రాసి ఒక చిన్న అలమారులో అమర్చినచో అది మన కళాశాలకు చిరకాలం ఉపయోగపడే బోధనోపకరణం అవుతుంది. అందుకు పెద్ద ఖర్చు లేదు. పాలకవర్గంవారు ఈ సూచనను పరిశీలింతురుగాక. చీటీపై పేరు ఒకే వరుసలో పడుతుంది. దాని క్రింద వ్రాయవలసిన కొలతలు మాత్రం విద్యార్థులు తమ చేతులతో సాధించినవై ఉండాలి.